బర్రెకు నడుస్తదన్న చెక్క

ఈరోజు శనివారం, నాకు ఒక్కపొద్దు. పొద్దున్నే తాండూరులోని దాణా కొట్టుకు వెళ్ళాను. అక్కడ పోయినసారి కొన్న పల్లిచెక్క, అదే నూనె తీసిన పల్లీల పిప్పి, తిన్నప్పటి నుంచి మా బర్రె పాలు తగ్గాయి. ఆ చెక్కలోని బూజు విషం పాలలోకీ దిగుతుందని పశువుల డాక్టరు చెప్పారు. ఆ పాలే మా రెండేళ్ళ మనవరాలు తాగుతోంది.

బూజు పట్టిన ముక్క చూపిస్తే కొట్టాయన నవ్వాడు.

“గవి బయటి దేశం పోయిన పల్లీలమ్మా. బూజుందని వాపస్ పంపిన్రు. గందుకే చెక్క ఆడిచ్చినం. బర్రెకు నడుస్తది, ఫికర్ జెయ్యకు.”

“బర్రె పాలు మా పిల్ల తాగుతది గదా, అన్నా?”

“మన పోరగాండ్లకు ఏం గాదు. గట్టి పానాలు.”

ఎన్నడూ గొంతు పెంచని నేను ఆ ముక్కతోనే అతని మూతి మీద కొట్టాను. పెదవి చిట్లింది. “నడుస్తది, తిను” అంటూ నోట్లో కుక్కాను. నెత్తురుతో పాటు ఉమ్మేసి తూకం రాయి ఎత్తాడు. హమాలీలు పట్టుకోకపోతే నా తల పగిలేది.

సాయంత్రం దీపం పెట్టి, కొట్టినందుకు దేవుణ్ణి క్షమించమన్నాను. తినిపించినందుకు మాత్రం అడగబుద్ధి కాలేదు. మీరైతే అడిగేవారా?