కాకి ఈదిన కథ

దీన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. అన్నం ముందు కూర్చున్నా గొంతులో ముల్లులా తగులుతుంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మల్కాపురంలో ఓ అంగన్‌వాడీలో ఆయాగా చేశాను. చదువు మూడో తరగతితోనే ఆగింది గానీ, మా అమ్మమ్మ చెప్పిన కథలన్నీ పొల్లుపోకుండా గుర్తు. వాటిని చెప్పడంలో నాకో కిటుకు ఉండేది. మధ్యలో కావాలనే తప్పు చెప్పేదాన్ని.

"కాకేటి సేసిందీ, సముద్రంలో దూకి రేవు దాకా ఈదుకుంటా ఎల్లిపోనాది."

పిల్లలు లేచి గంతులేసేవారు. "కాదు ఆయమ్మా! కాకి ఈదదు! నీకేటీ రాదు!"

నన్ను దిద్దాలనైనా ప్రతి ముక్కా చెవిపెట్టి వినేవారు. ఎప్పుడూ మాట్లాడని పిల్ల కూడా నా తప్పు పట్టుకోవడానికే నోరు విప్పేది.

అప్పుడు కొత్త టీచరుగా జయ వచ్చింది. చిన్న వయసు, మెత్తటి మాట. నేను కథ చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి ఫోనులో రికార్డు చేసుకునేది. ఎందుకు? ఇంట్లో వండిన చేగోడీలు నాకోసం తెచ్చేది. ఎందుకు? ఆయాలను తీసేస్తారని అప్పట్లో ఓ పుకారు. నా కథలు తనకు వచ్చేస్తే ఇక నాతో పనేముంది? ఆ పిల్ల నవ్విన ప్రతి నవ్వునూ తిరగేసి చూశాను.

ఒకనాడు పిల్లలకు అన్నం పెడుతుండగా అడిగింది.

"పిన్నీ, నా దగ్గర ఒక్కడూ కుదురుగా కూకోడు. నువ్వేటి మందేత్తన్నావ్? నాకూ సెప్పవా?"

"మందేటమ్మా! ఒక్క ముక్క తప్పు పోకూడదు, అంతే."

"మరి నువ్వు తప్పులు సెప్తావు కదా?"

"నాను సదువు లేనిదాన్ని, నాకు తప్పులొత్తాయి. నువ్వు టీచరమ్మవి. నువ్వే తప్పు సెప్తే పిల్లలు లెక్కసేత్తారేటి?"

నమ్మింది. పాపం, అద్దం ముందు నిలబడి కంఠస్థం చేసేదట. సూపర్‌వైజర్ మేడమ్ చూడ్డానికి వచ్చిన రోజు కథంతా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. పిల్లలు ఆవలించారు. ఒకడు వచ్చి నా కొంగు లాగాడు: "ఆయమ్మా, నువ్వు సెప్పు." మేడమ్ పెదవి విరిచింది. సాయంత్రం జయ నా భుజం మీద ఏడ్చింది, తనకు ఈ పని రాదని. వీపు నిమిరాను. అప్పుడు కూడా, ఇది నటనేమో, నా కిటుకు రాబట్టడానికేమో అనుకున్నాను. తర్వాత కొన్నాళ్లకే మానేసింది.

నన్నెవరూ తీసెయ్యలేదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ చేశాను. మరి నేను భయపడింది ఉద్యోగం గురించేనా? నాలా ఇంకొకరు ఉండగలరంటే ఓర్చుకోలేకపోయానా?

మొన్న గోపాలపట్నం బజారులో చీరల షాపుకి వెళ్తే కౌంటరు వెనక జయ. పక్కనే స్టూలు మీద తన కూతురు.

"పిన్నీ! నువ్వు సెప్పినట్టే మా పాపకి తప్పు పోకుండా కథలు సెప్తన్నాను. అయినా వినదు. నాకు సెప్పడం రాదని అప్పుడే తేలిపోనాది కదా," అని నవ్వింది.

తెలిసే అంటోందా? నన్ను పరీక్షిస్తోందా? మళ్లీ అదే బుద్ధి. చీర కొనకుండానే వచ్చేశాను.

ఆమెకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను. ముల్లు పోలేదు, ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. కాకి ఈదదని నాకు తెలుసు జయా. మొదటినుంచీ తెలుసు.