మూడు కొట్టాక ఆగిన చేతులు

బంగారు గనులు మూతపడటానికి నాలుగేళ్ళ ముందు, జూన్ నెల మొదటి సోమవారం, కంపెనీ వెల్ఫేర్ సెక్షన్‌లో తాత్కాలిక జూనియర్ క్లర్కుగా చేరాను. గనులు మూసినప్పుడు అందరితోపాటు నేనూ స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను కాబట్టి, ముప్పై దాటకుండానే విశ్రాంత ఉద్యోగిని అయ్యాను. నా సర్వీసులో చెప్పుకోదగ్గది ఆ మొదటి మూడు నెలలే.

నియామకపు ఆర్డరులో రెండో పేరా ఒకటి ఉంది. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా కంపెనీ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాళ్ళకు నొటేషన్ చదవడం నేర్పాలి. దరఖాస్తులో ‘ఇతర అర్హతలు’ అన్నచోట, కాలేజీ బ్యాండులో రెండేళ్ళు సైడ్ డ్రమ్ వాయించానని రాశాను. ఖాళీగా వదిలేస్తే బాగుండదనిపించి రాసిన మాట అది.

పోస్టు ఆగస్టు ఆఖరు వరకే. పంద్రాగస్టు పరేడ్‌లో బ్యాండు ఎలా వాయిస్తుందో చూసి పర్మనెంట్ సంగతి తేలుస్తామని వెల్ఫేర్ ఆఫీసరు చెప్పాడు. పర్మనెంట్ అయితే ఇంటిల్లిపాదికీ కంపెనీ ఆసుపత్రి కార్డు వస్తుంది. అప్పటికి నా కూతురికి ఎనిమిది నెలలు. కాస్త చలిగాలి తగిలితే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. మా ఆయన మారికుప్పంలో తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరులో పనిచేసి వచ్చేవాడు. అక్కడ ఇలాంటి కార్డులు లేవు. ఆ ఉద్యోగంలో నాకు కార్డు తప్ప మరేమీ కనిపించేది కాదు.

డ్రమ్ నొటేషన్ నిజానికి కష్టమైనది కాదు. అందులో ఉన్నవి దెబ్బా, దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలమూ. ముందు నేర్పేవి రూడిమెంట్లు, అంటే చేతుల ఓనమాలు. కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ అని మార్చి కొడితే పారడిడిల్. రెండు కర్రలూ రవ్వంత తేడాతో పడితే ఫ్లామ్. అవి చేతికి వచ్చాక బీటు. బీటు ఒక వరస ముగిసి ఇంకో వరస అందుకునే సందులో వేసే చిన్న మెలికను ఫిల్ అంటారు. ఇంట్లో నేను పాలపొడి డబ్బా మీద పారడిడిల్ సాధన చేసేదాన్ని. పాప దానికి నిద్రపోయేది, ఆపితే లేచి ఏడ్చేది. పాపను చూసుకోవడానికి ఆవని నుంచి వచ్చిన మా అమ్మ, జోలపాట ఏమైనా మరిచిపోయినావా అని అడిగేది.

బ్యాండులో డ్రమ్ములవాళ్ళు నలుగురు. సైడ్ డ్రమ్ముల మీద ముగ్గురూ బ్యాంక్స్‌మెన్; గనిలోకి దిగే నిలువు బావి, అదే షాఫ్టు, దాని నోటి దగ్గర నిలబడి, మనుషులు ఎక్కి దిగే కేజ్‌కు గంట కొట్టి సంకేతం ఇవ్వడం వాళ్ళ పని. పెద్ద డ్రమ్ము వెంకటేశుది. అతను ఆ కేజ్‌ను తాడుతో దించే వైండింగ్ ఇంజను డ్రైవరు. నలుగురిదీ ఒకే షాఫ్టు, ఒకే షిఫ్టు. సాయంత్రం కలిసి దొరుకుతారని ఆఫీసరు వాళ్ళను ఏరాడు. వాళ్ళలో పెద్ద మునెప్ప. కామసముద్రం మనిషి, ఇరవై ఆరేళ్ళ సర్వీసు.

రూడిమెంట్లు నేను ఊహించినదానికంటే త్వరగా పట్టుకున్నారు. చిక్కు పరేడ్‌కు వాయించాల్సిన మార్చింగ్ ట్యూన్ ఎనిమిదో వరసలో వచ్చింది. అక్కడ ఫిల్ అంటే మూడు దెబ్బలు, వెంటనే తొమ్మిదో వరస.

మూడు పడగానే మునెప్ప ఆగాడు. మిగతా ఇద్దరూ ఆగారు. ముగ్గురూ వెంకటేశు వైపు చూశారు. వెంకటేశు పెద్ద డ్రమ్ము మీద మూడు కొట్టాడు. కాగితంలో అక్కడ అతనికి ఏమీ లేదు. మునెప్ప రెండు కొట్టాడు. వెంకటేశూ రెండు కొట్టాడు. తరువాత నలుగురూ అలాగే నిలబడిపోయారు. వెంకటేశు ఎదుటి గోడ మీద సున్నం పెచ్చు ఊడినచోటు కేసి రెప్ప వేయకుండా చూస్తున్నాడు. నిమిషం దాటాక మునెప్ప ఒకటి కొట్టాడు. అందరూ తొమ్మిదో వరసను చక్కగా అందుకున్నారు.

మధ్యలో ఏం జరిగిందని అడిగాను.

“కేజ్ దిగింది గదమ్మా” అన్నాడు వెంకటేశు. ఇంజను గదిలో లోతు చూపించే ముల్లు సరిగ్గా ఆ పెచ్చు ఎత్తునే ఉంటుందట.

గని కోడ్ ఇది. మూడు అంటే మనుషులు ఎక్కుతున్నారు. డ్రైవరు తిరిగి మూడు కొట్టేదాకా ఎవరూ కేజ్‌లో కాలు పెట్టకూడదు. రెండు అంటే దించు. నడిచే కేజ్‌కు ఒకటి అంటే ఆపు. ఫిల్‌ను నాలుగు దెబ్బలు చేద్దామన్నాను. నాలుగుకూ అర్థం ఉంది, ఐదుకూ ఉంది. అంతకుమించినవి ఆపదల కోడ్‌లు. వాటిని ప్రాక్టీసులో కూడా వాయించేది లేదని ముగ్గురూ ఒకేసారి చెప్పారు.

షాఫ్టు వేరు, గ్రౌండు వేరు, కాగితంలో ఉన్నది ఉన్నట్టు వాయించాలి అన్నాడు ఆఫీసరు. నేను వారం రోజులు ఆ ఒక్క వరసనే సాధన చేయించాను. మూడు, ఆగకుండా తరువాతిది. మళ్ళీ మూడు. మునెప్ప గొణుక్కుంటూనే చేశాడు. “ఇది రాసినోడు ఎప్పుడన్నా కిందికి దిగినాడా అమ్మా?” అని ఒకసారి అడిగాడు. వారం ఆఖరుకు చేతులు ఆగడం మానేశాయి. నేను సంతోషించాను.

సోమవారం మునెప్ప కర్రలు తీసుకోలేదు. బల్ల మీద కూర్చున్నాడు.

“పొద్దున షాఫ్టు కాడ మూడు కొట్టినానమ్మా. జవాబు రాకముందే చెయ్యి రెండుకు లేచింది. పట్టుకున్నాను.”

కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు.

“నువ్వు బాగానే నేర్పించినావు. అదే ఇంగ భయం” అన్నాడు.

కేజ్‌లో దిగేవాళ్ళ పిల్లలకు ఆసుపత్రి కార్డులు ఉన్నాయి, తండ్రులు కావాలి. నా పిల్లకు తండ్రి ఉన్నాడు, కార్డు కావాలి. ఈ లెక్కను ఎటునుంచి వేసినా నాకు అనుకూలంగా రాలేదు. ఇంటికి వెళ్ళి, ఎవరి అనుమతీ లేకుండా ఆ ట్యూను మళ్ళీ రాశాను. మూడు దెబ్బల తరువాత పెద్ద డ్రమ్ముకు మూడు రాశాను, ఆ తరువాత మనుషులు ఎక్కేందుకు నాలుగు వరసల మౌనం. రెండుకు రెండు. కేజ్ దిగే నిమిషం పైచిలుకు ఖాళీలో, ట్రంపెట్ల వంటి కొమ్ములు ఊదేవాళ్ళు ట్యూను మొత్తం వాయించేలా పెట్టాను. చివర సైడ్ డ్రమ్ముల మీద ఒకటి.

పరేడ్ రోజు గ్రౌండు నిండా గని మనుషులే. ముఖ్య అతిథిగా వచ్చిన గనుల మేనేజరు జెండా దగ్గర వేదిక ఎక్కబోతుండగా ఎనిమిదో వరస వచ్చింది. మూడు. మూడు. జనం మొత్తం అరడుగు ముందుకు జరిగి, భుజాలు ముడుచుకుని, ఒకరికొకరు ఆనుకుని నిలబడింది. రెండు. రెండు. ఇక ఒక్కరూ కదల్లేదు. మేనేజరు కూడా కేజ్‌లలో దిగి పైకొచ్చిన ఇంజనీరే. మొదటి మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలుతో ఆగిపోయాడు. కొమ్ములు ఊదుతున్నాయి. మొత్తం గ్రౌండులో కదులుతున్నది వెల్ఫేర్ ఆఫీసరు ఒక్కడే. పూలదండ పట్టుకుని మేనేజరు వైపు నడుస్తున్నాడు. ముందు వరసలోని ముసలి మేస్త్రీ ఒకడు అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“కేజ్ పోతా ఉండాది. యాడికి పోతావు సార్?”

ట్యూను అయిపోయేదాకా అతన్ని వదల్లేదు. మునెప్ప ఒకటి కొట్టాక జనం ఊపిరి వదిలింది, మేనేజరు రెండో మెట్టు ఎక్కాడు.

మర్నాడు నాకు మెమో వచ్చింది. కంపెనీ కాగితాన్ని మార్చినందుకు, ముఖ్య అతిథిని ఒంటికాలి మీద నిలబెట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలి. మునెప్ప చెయ్యి సంగతి ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. మేనేజరు నన్ను పిలిచి ఒకటే అడిగాడు, గంటకు పెద్ద డ్రమ్ము జవాబు రాకముందు కొమ్ములవాళ్ళు ఎవరైనా ఊదారా అని. లేదన్నాను. పర్మనెంట్ ఆర్డరు మీద సంతకం పెట్టాడు. కింద ఒక షరతు రాశాడు. బ్యాండు ఇకమీద సేఫ్టీ సెక్షన్ కిందికి వస్తుంది. శిక్షకురాలు నెలలోగా గంట కోడ్ పరీక్ష పాసయ్యాకే ఆర్డరు అమలవుతుంది.

పరీక్ష పెట్టేవాడు మునెప్ప. మొదటిసారి నన్ను ఫెయిల్ చేశాడు. మూడు తరువాత జవాబు పూర్తిగా వినకుండానే రెండు కొట్టానట. కార్డు మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. ఆ మూడు వారాల్లో పాపను రెండుసార్లు బయటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అయినా అతను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

నేను నేర్చుకున్నది ఇంతే. ఒక చేతికి కొత్త విద్య నేర్పేముందు, అది ఇప్పటికే ఏ పనికి కట్టుబడి ఉందో అడగాలి. ఆ పనికీ కాగితానికీ పొసగకపోతే, మార్చవలసింది కాగితాన్ని.