ఎదురింటి గోడల నునుపు

నందికొండలో ఆనకట్ట కడుతున్న రోజుల్లో మా కాపురం మీదికి వచ్చిపడ్డ ఒక విపత్తు చెబుతాను, వినండి. వరద కాదు, పిడుగు కాదు. నా కళ్ళే.

మా ఆయన రామచంద్రం అక్కడ గుమాస్తా. అప్పటికి నాది కొత్త కాపురం. ఉద్యోగులకు రేకుల ఇళ్ళు వేస్తున్నారు. గోడలూ కప్పూ ఎక్కడో తయారై లారీల్లో వచ్చేవి. నిలబెట్టి బోల్టులు బిగిస్తే ఇల్లు. అన్నం ఉడికేలోపు ఇల్లు లేస్తుందని చెబితే మా అవ్వ నాకు ఎండదెబ్బ తగిలిందనుకుంది.

మా వరస ఒక కాంట్రాక్టరుది, ఎదుటి వరస ఇంకొకాయనది. మా గోడలది బర్రెతోలు రంగు. ప్రతి అతుకు దగ్గరా బోల్టులు పొక్కుల్లా పైకి తేలి ఉండేవి. ఎదుటి ఇళ్ళకేమో మీగడ రంగు, కిటికీల చుట్టూ పచ్చ అంచు, అతుకుల మీద నున్నటి చెక్కపట్టీలు. ఒక్క బోల్టు కనిపిస్తే ఒట్టు. దూరపు కొండలు నునుపంటారు. కొండలు ఎలా ఉంటే నాకేం? ఎదురింటి గోడలు నునుపు, అదీ నా కడుపుమంట.

ఆ ఎదురింట్లో ఉండేది నర్సమ్మక్క. క్రేను నడిపే ఆయన భార్య. మంచి మనిషి కూడా కావడంతో నాకు ఇంకా మండేది. మజ్జిగ తోడుకని వెళ్ళి ఆమె గోడను అరచేత్తో నిమిరేదాన్ని. ఒకరోజు రంగు ఎంత మందమో చూద్దామని గోటితో గీకుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

“ఏం చెల్లె, గోడకు దురద వెడ్తాందా?”

“చీమ వోతాంటే తీస్తున్నక్కా,” అన్నాను, గోటి కింది మీగడ రంగు కొంగులో దాచుకుంటూ.

ఇక ఇల్లు మార్పించమని మా ఆయన వెంటపడ్డాను.

“మనం పండుకునేది గోడకు లోపల్నా, బయటనా?” అన్నాడాయన.

మర్నాటి నుంచి కూరలు వండటం మానేశాను. రెండు పూటలా పచ్చిపులుసే. పచ్చిపులుసు ధాటికి రాజ్యాలే కదులుతాయి, గుమాస్తా ఎంత? వెళ్ళి ఆఫీసులో అడిగాడు. రెండిళ్ళ వాళ్ళకూ ఇష్టమైతే మారవచ్చన్నారట. నర్సమ్మక్క నా మాట పూర్తి కాకముందే సరేనంది. అప్పుడైనా నాకు అనుమానం రావద్దా? అసూయ బైఠాయించిన చోట అనుమానానికి జాగా ఏది?

సామాను చేర్చి, కొత్త గడపలో దర్జాగా కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. నా మీగడ గోడ నాకు కనిపించదు. పొద్దంతా ఎదురుగా కనిపించేది ఆ పాత బర్రెతోలే. నా ఇంటి అందం నేను చూసుకోవాలంటే నర్సమ్మక్క గడపలో కూర్చోవాలి. సిగ్గు విడిచి కూర్చున్నాను కూడా.

అంతలో తొలకరి వచ్చింది. అతుకుల్లోంచి నీళ్ళు ధారకట్టి పరుపు మీదికి దిగాయి. ఎదురింట్లో క్రేను ఆయన పానా తెచ్చి, వదులైన బోల్టులు బిగించి, తుండుతో తల తుడుచుకుని లోపలికి పోయాడు. మరి మా బోల్టులు? పట్టీల కింద అందంగా దాక్కున్నాయి. పట్టీలు పీకితే వాటి వెంట రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చింది. మధ్యాహ్నానికి మా ఇల్లు గజ్జి పట్టిన గేదెలా తయారైంది. మా ఆయన ఆ పెచ్చులన్నీ చేటలోకి ఎత్తి నా ముందు పెట్టాడు. తిట్టినా బాగుండేది.

తడిసిన బొంతలు ఆరేస్తుంటే నర్సమ్మక్క సాయానికి వచ్చింది. ఉండబట్టలేక అడిగేశాను.

“గీ ఇల్లు కురుస్తదని నీకు ముందుగాలనే తెలుసు గదక్కా?”

“తెలుసు చెల్లె. చెప్దామనే అనుకున్న. నువ్వేమో గోడను బిడ్డ లెక్క నిమురుతుంటివి. కన్నతల్లికి బిడ్డ వంకలు చెప్తే ఇంటదా?”

తడి బొంత మీద చెయ్యి వేసి అప్పుడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరింటి గోడనూ కన్నెత్తి చూడను. ఇప్పటికీ మాట తప్పలేదు. ఎవరింటికి వెళ్ళినా తల వంచుకునే లోపలికి నడుస్తాను.

తల వంచుకుంటే గచ్చు కనిపిస్తుంది. గచ్చుల సంగతి ప్రమాణంలో లేదు.