గోలీకి పెట్టిన ఉపవాసం

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ ఇస్సాకు అక్కడ బత్తాయి హర్రాజు పాడేవాడు. ఆయన గొంతెత్తితే రోడ్డు మీది బస్సుల హారన్లు కూడా వినపడేవి కావని చైతన్యపురిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లో మాత్రం భార్య ఎలీశమ్మ మాటే మాట. నల్లగొండ పల్లె నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అలాంటి ఇస్సాకు ఈ ఎండాకాలంలో మంచినీళ్లు అడగబోయి, నీళ్లన్న మాట దొరక్క తడబడ్డాడు. స్కాన్ తీస్తే తలలో ఎడమవైపు గడ్డ కనపడింది. క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. మాట చాలావరకు తిరిగొచ్చింది. ఇంకెంత కాలం అన్న ప్రశ్న మాత్రం ఎలీశమ్మ గొంతులోనే ఉండిపోయింది.

ఎల్బీనగర్ దవాఖానలో డాక్టర్ పట్టాభి రక్తపరీక్ష చూసి, రోగంతో కొట్లాడే తెల్లకణాలు బాగా పడిపోయాయని, అలా పడిపోయినవాళ్లలో ఈ జబ్బు తొందరగా ముదరొచ్చని చెప్పాడు. తలలో వాపు దిగడానికి ఇస్తున్న స్టెరాయిడ్ గోలీ కూడా ఆ కణాలు పడిపోవడానికి ఒక కారణమేనట. మెల్లమెల్లగా తగ్గిద్దాం, మీ అంతట మీరు ఆపొద్దు అని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఆమె చెవికెక్కితే కదా! కరోనా కాలంలో మిరియాల కషాయం కాచి కాచి వాడకట్టంతా తుమ్మించిన మనిషి. ఇమ్యూనిటీ తగ్గిందంటే ఆమె ప్రాణం ఊరుకుంటుందా?

ఆ వారమే చర్చిలో ఉపవాస ప్రార్థనలు వచ్చాయి. ఎలీశమ్మ అన్నం మానింది. నీరసంగా ఉన్న ఇస్సాకుకు జావ పోసి, ఆయన వంతు ఉపవాసంగా ఆ గోలీని మాన్పించింది. దేవుడి పేరు మీద మానితే నష్టమేముంటుందిలే అనుకుంది. ఎవరికీ చెప్పలేదు, ఇస్సాకుకు కూడా.

ఉపవాసం ముగియకముందే ఇస్సాకు మాట పడిపోయింది. కుడిచెయ్యి వాలిపోయింది. భార్యను పేరు పెట్టి పిలవబోయి, పిలవలేక ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆమె గుండె చెరువైంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయి, చేసిన పని దాచకుండా డాక్టరుకు చెప్పేసింది.

పట్టాభి కోప్పడలేదు. సూదిమందు ఇచ్చాడు. వాపు దిగి ఇస్సాకు నోట మాటలు వచ్చాక, మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా వివరించాడు.

"కణాలు పెరిగితే చాలదమ్మా. గడ్డ మీదికి వెళ్లినవాటిలో కొన్నింటిని ఆ గడ్డే లొంగదీసుకుంటుంది. కాపలా కాయాల్సినవే దానికి సాయం చేస్తాయి."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు," అన్నాడు ఇస్సాకు. పాస్టరుగారు వింటే ఏమంటారోనని నవ్వాడు కూడా.

ఎలీశమ్మకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ దిగమింగుకున్న ప్రశ్న బయటపెట్టింది.

"గోలీ ఏస్తే బలం పాయె, ఏయకుంటే మాట పాయె. ఎట్ల చేయాలె సారూ? ఇంకెన్నాళ్లుంటడు?"

కచ్చితంగా ఎవరూ చెప్పలేరని, ఏడాది దాటడం మాత్రం కష్టమేనని డాక్టరన్నాడు. గోలీ వీలైనంత తక్కువగా ఇస్తానన్నాడు. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇస్సాకు చెయ్యి చాపాడు. "గోలీ ఇయ్యి. నాలుగు దినాలు తక్కువైతే కానియ్యి, నీతోని మాట్లాడుకుంటనే పోత. మొన్న నీ పేరు నోటికి రాకపాయె ఎలీశా, గప్పుడే సచ్చినట్టయింది."

ఆమె గోలీ ఆయన అరచేతిలో పెట్టి నీళ్లందించింది. ఆయన మింగేదాకా చూసింది.

"ఏదన్న మాట్లాడు," అన్నది.