పుస్తకంలో ఎకరం, మా ఎకరం

జడ్చర్ల దగ్గర మాత్రల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే గదికి ఒకటే తలుపు. కార్డు చూపిస్తేనే అది తెరుచుకుంటుంది. హెల్పర్లకు కార్డు ఇవ్వరు. షిఫ్టు మొదట్లో లోపలికి పంపి తలుపు వేస్తే, మూత్రానికి పోవాలన్నా పక్కన తూకం గదిలో కార్డున్న అమ్మాయి లేచి రావాలి. రెండు గదుల మధ్య గోడకు చిన్న అద్దం ఉంది. దాని మీద వేలితో కొట్టి నిలబడాలి. ఆ అమ్మాయి నా పెద్ద కూతురి కంటే రెండేళ్లే పెద్దది.

"జర ఆగక్కా, చేతుల పనున్నది," అనేది తల ఎత్తకుండా.

ఒకసారి గోడ గడియారంలో ఇరవై రెండు నిమిషాలు నిలబెట్టింది. ఆ రోజు మంగళవారం. తడి కాళ్లతో నిలబడ్డాను కాబట్టి గుర్తుంది. మరిచిపోమని చాలామంది చెప్పారు. మరిచిపోవడం నాకు చేతకాదు.

కార్డు కావాలంటే తూకం గదిలో పని రావాలి. తూకం గదిలో పనికి పదో తరగతి మెమో అడిగారు. నేను ఏడుతో ఆపేసినదాన్ని. మా పాలమూరు జిల్లాను ముక్కలు చేసిన తర్వాతి సంవత్సరం, ఓపెన్ పద్ధతిలో పదికి కట్టాను. నాలుగు సబ్జెక్టులు ఒకేసారి గట్టెక్కాయి. లెక్కలు మాత్రం మొదటిసారి తప్పాను. ఇంకో తూరి తప్పితే ఆ సీసాల గదిలోనే ముసలిదాన్ని అవుతానని నాకు తెలుసు. మా ఇంటాయనకూ తెలుసు. ఆయన వేరేలా చెప్పాడు.

"ముప్పై ఎనిమిదేండ్లకు లెక్కలొస్తయా? ఉన్న పని చేసుకో."

ఆ మాట కూడా దాచి పెట్టుకున్నాను.

ఆదివారం క్లాసులు ఒక బడిలో జరిగేవి. బెంచీలు ఐదో తరగతి పిల్లలవి. కూర్చుంటే మోకాళ్లు పైపలకకు తగిలేవి, లేవాలంటే పక్కామె ముందు లేవాలి. అక్కడా అంతే, ఒకరు జరిగితే తప్ప నేను బయటికి రాలేను. లెక్కల సార్ నాకంటే పదేళ్లు చిన్నవాడు. చెడ్డవాడని అనను. కానీ తొందర మనిషి. ఒకసారి చెప్పిందాన్ని రెండోసారి అడిగితే బోర్డు వైపు తిరిగి నవ్వేవాడు.

ఒక ఆదివారం ఈ లెక్క ఇచ్చాడు. ఒక రైతుకు ఒక చోట 1.30 ఎకరాలు, ఇంకో చోట 1.20 ఎకరాలు ఉన్నాయి. మొత్తం ఎంత?

రైతు అనగానే నాకు ధైర్యం వచ్చింది. మా బాపు గొర్రెల మనిషి. సంతకం పెట్టడం తప్ప చదువు లేదు. నా చిన్నప్పుడు గొర్రెల వెనక నడుస్తూ ఎవరి మెట్ట చెలక ఎంతో చెప్పి నాతో కూడిక చేయించేవాడు. "నలభై నిండితే ఎకరం కట్టు బిడ్డా, మిగిలింది చేతుల వెట్టుకో," అనేవాడు. ఎకరానికి నలభై గుంటలు. మా పట్టా పాసుబుక్కులో 1.30 అని ఉంటే ఎకరం ముప్పై గుంటలు. ఈ వైపు ఊళ్లలో చిన్న పిల్లలకూ తెలిసిన సంగతి. పక్కామెను లేపి, అందరికంటే ముందు నేనే నోట్‌బుక్ పట్టుకుని లేచాను. జవాబు 3.10.

సార్ ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాడు.

"గిదేందక్కా? మూడెట్లొచ్చింది?"

"ముప్పై, ఇరవై కలిస్తే యాభై గుంటలు సార్. నలభై తీస్తే ఎకరం. ఇంక పది గుంటలు మిగిలె. మూడెకరాల పది."

"గుంటలు ఎవలడిగిన్రు? రెండు పాయింట్ ఐదు సున్నా."

"ఎకరంల నలభై గుంటలే ఉంటయి కద సార్. యాభై యాడికెల్లి వస్తయి?"

క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. "పుస్తకంల గుంటలుండయ్ గుంటలక్కా. కూసో."

ఆ రోజు నుంచి నా పేరు గుంటలక్క. హాజరు పిలిచేటప్పుడు కూడా అదే. పేరు వెనక్కి తీసుకోమని క్లాసు అయ్యాక అడిగాను. "ప్రేమతోని అంటున్న అక్కా," అన్నాడు. క్లాసులు చూసుకునే పెద్దాయనకు కాగితం రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "గియ్యి కూడ పట్టించుకుంటరా అమ్మా," అన్నాడు. ఆ కాగితానికి జెరాక్స్ నా దగ్గర ఉంది.

ఇంటికి పోయి బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, ఎకరం ముప్పై, ఎకరం ఇరవై కలిపితే ఎంత?"

"మూడెకరాల పది. ఎవలమ్ముతున్నరు?"

"ఎవలమ్ముతలేరు. లెక్క."

"లెక్కల భూమా," అని బాపు ఫోన్ పెట్టేశాడు.

నాది తప్పు కాదని అప్పుడు గట్టిగా అనుకున్నాను. కానీ పరీక్ష పేపర్ దిద్దేది మా బాపు కాదు. పావు, అర, ముప్పావు నాకు పుట్టుకతో తెలుసు. పావు తక్కువ రెండెకరాలంటే కళ్ల ముందు గట్టు కనిపిస్తుంది. అదే 1¾ అని రాసి, దాన్ని 1.75 అంటే నా బుర్ర మూసుకుపోయేది. ముప్పై గుంటల చోట డెబ్బై ఐదు ఎక్కడి నుంచి వచ్చింది? సార్ చెప్పలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే మళ్లీ గుంటలక్క.

పరీక్షకు నెల ఉందనగా, ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే అద్దం మీద కొట్టి నిలబడ్డాను. అమ్మాయి వేలు చూపించి ఆగమంది. పక్కన బల్ల మీద కడిగిన సీసాల ట్రేలు రెండు ఉన్నాయి. ట్రేలు రెండూ ఒకే పొడవు, ఒకే వెడల్పు. పెద్ద సీసాల ట్రేలో ఎనిమిది వరుసలు, వరుసకు ఐదు గుంతలు. నలభై. చిన్న సీసాల ట్రేలో పది వరుసలు, వరుసకు పది. వంద. పెద్ద సీసాలు పదే ఉన్నాయి, రెండు వరుసలు నిండాయి. చేయడానికి వేరే ఏమీ లేక, చిన్న ట్రేలో కూడా అంతే మేర నింపుదామని సీసాలు పెడుతూ పోయాను. రెండు వరుసలు నిండినా పెద్ద సీసాల అంచుకు అందలేదు. ఆ అంచు మూడో వరుస నడిమికి వచ్చింది, అందుకని ఆ వరుసలో సగమే పెట్టాను. లెక్కబెడితే ఇరవై ఐదు.

నలభైలో పది. వందలో ఇరవై ఐదు. రెండు ట్రేలలోనూ పావే నిండింది.

తర్వాత పెద్ద సీసాలు తీసేసి, చిన్నవే ముప్పై చొప్పున రెండింటిలో పెట్టి చూశాను. నలభై ట్రేలో ముప్పై పెడితే పావు మాత్రమే ఖాళీ. వంద ట్రేలో అదే ముప్పై పెడితే మూడు వరుసలు, మిగతా ఏడు ఖాళీ. ముప్పై అదే, ట్రే వేరు. సార్ రాసిన 1.30 ఎకరాలు మా లెక్కలో ఎకరం పన్నెండు గుంటలే. ఆయన రైతుకు మొత్తం రెండున్నర ఎకరాలు. నా రైతుకు మూడుంపావు. నేను వేరే రైతు లెక్క చేశాను.

అంటే తప్పు నాదే. ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. తప్పు నాదే కావచ్చు, నవ్వు మాత్రం ఆయనది. పుస్తకం ఎకరాన్ని వంద ముక్కలు చేస్తుంది, మీరు నలభై చేస్తారు అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాట చెప్పడానికి పట్టే సమయం ఆయన పేరు పెట్టడానికి వాడుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. "ఏం ఆడుతున్నవక్కా సీసాలతోని?" అంది అమ్మాయి. నేను మూత్రానికి పోవాలన్న సంగతే మరిచిపోయాను. నేను ఏదైనా మరిచిపోవడం అదొక్కసారే.

పరీక్షలో 2¾, 1⅜ కలపమని వచ్చింది. హరాలు వేరు. చిత్తు లెక్క వేసే అంచున ముప్పావును ముప్పై గుంటలు చేశాను. ఎకరంలో ఎనిమిదో వంతు ఐదు గుంటలు కాబట్టి, అలాంటివి మూడు పదిహేను. కలిపితే నలభై ఐదు. నలభై నిండింది, ఎకరం కట్టాను. మొత్తం నాలుగెకరాల ఐదు గుంటలు. ఐదు గుంటలంటే మళ్లీ ఎనిమిదో వంతే. జవాబు చోట 4⅛ అని రాశాను. గుంటలన్నిటినీ కొట్టేశాను, ఎవరూ చూడకుండా.

నలభై ఒక్క మార్కులతో పాసయ్యాను. మెమో తీసుకోవడానికి పోయినప్పుడు పాత నోట్‌బుక్ కూడా తీసుకుపోయి, ట్రేల సంగతి సార్‌కు చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"మంచిగుందక్కా. ఈసారి పిల్లలకు గట్లనే చెప్త."

"అయితే గీత పక్కన ఒక మాట రాయుండ్రి సార్. గుంటలల్ల గీ జవాబు కరెక్టే అని."

"పాసైనవు కద. ఇంక గా గీతతోని ఏం పని, గుంటలక్కా?"

రాయలేదు. నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

కార్డు రావడానికి ఇంకో నెలన్నర పట్టింది. వచ్చిన రోజు అవసరం లేకపోయినా రెండుసార్లు బయటికి పోయి వచ్చాను. ఇప్పుడు తూకం గదిలో కుర్చీ నాది. ముల్లు పావు దగ్గర ఆగేదాకా మందు పొడి పోస్తుంటే, మధ్యలో అద్దం మీద వేలు కొట్టిన చప్పుడు వస్తుంది. సగం పోసి లేస్తే తూకం మళ్లీ మొదటి నుంచి వేయాలి. సూపర్‌వైజర్ చూస్తే నన్నే అంటాడు. మొన్న సీసాల గదిలో హెల్పరొకామె అట్లాగే కొట్టింది. నా నోట్లోంచి "జర ఆగక్కా" అని వచ్చింది.

తూకం ముగించి తలుపు తీశాక గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు. ఆమె కూడా చూసే ఉంటుంది.