చవక టైర్ల మీద వేసిన నింద

ఆ రోజు పెనుకొండ దాటి ధర్మవరం వైపు వెళ్తున్నాం. ఉదయం పది గంటలై ఉంటుంది. రోడ్డు నేరుగా ఉంది, గాలి కూడా లేదు. అయినా బండి ఎడమకు పోతోంది. ఎడమ చక్రాలు రెండుసార్లు తారు దిగి కంకర మీద గరగరలాడాయి. పక్కన కూర్చున్న నా భార్య రత్నమ్మ రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుంది.

"యాడికి పోతాండావయ్యా, చేన్లోకా?" అంది.

"నేను కాదు, టైర్లు పోతాండాయి," అన్నాను.

ఆ మాట మీదే నెలన్నర నిలబడ్డాను. నా జబ్బు కథంతా ఆ మొండితనంలోనే ఉంది.

నాది హిందూపురం. అరవై రెండేళ్లు. ధర్మవరం మగ్గాల నుంచి పట్టుచీరలు తెచ్చి హిందూపురం, మడకశిర దుకాణాలకు అందించే పని. వారానికి మూడుసార్లు బండి కదలాలి. ఏడో తరగతితో బడి మానేశాను. ఆ తరువాతి చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర జరిగింది. ఏ వస్తువు కొన్నా ముందు దాని గురించి చదువుతాను. టైరు పక్క అంచు మీద అచ్చైన చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం అని టైర్ల అంగడి వాళ్లకే చెప్పగలను, చెప్పాను కూడా.

పాత టైర్లు అరిగిపోతే, ఆ రోజుకు మూడు వారాల ముందు నాలుగూ మార్పించాను. పేరున్న రకం కాదు. ధర దాదాపు సగం. తేదీ చూశాను, సైజు చూశాను, ఎంత బరువు మోస్తాయో చెప్పే అంకె చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా మనసులో ఒక మూల అనుమానం ఉండిపోయింది. చవక వస్తువు కొన్నవాడికి అది తప్పదు. బండి కొంచెం కదిలితే చాలు, ఆ అనుమానం లేచి కూర్చుంటుంది.

టైర్లు వేసింది పెనుకొండలో ఫక్రుద్దీన్. నాకంటే పదేళ్లు చిన్న. మర్నాడే అతని అంగడికి వెళ్లాను. వీల్ అలైన్‌మెంట్ చూశాడు.

"అంతా కరెక్టుగా ఉండాదన్నా. రోడ్డు వాలు ఎడమకుంటాది, కొంచెం లాగతాది."

"కొంచెం కాదప్పా. గుంజుకోని పోతాంది."

ఇంటికి వచ్చాక కుదురుగా ఉండలేకపోయాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే బండి దగ్గరికి పోవాలనిపించేది. పొద్దున్నే తల దిమ్ముగా ఉండేది. కళ్లద్దాలు పాతబడ్డాయనుకున్నాను. దినపత్రికలో వరుసల మొదటి మాటలు దొరికేవి కావు. అచ్చు వేసేవాళ్లు అజాగ్రత్తగా ఉన్నారని గ్రంథాలయంలో గొణిగాను. అన్నం పళ్లెంలో ఎడమవైపు పెట్టిన పప్పు వదిలేసి, పప్పు వెయ్యలేదని రత్నమ్మ మీద కేకలేశాను. ఆమె పళ్లెం తిప్పి పెట్టింది. ఇవన్నీ ఒకే దారంలోని ముడులని నాకు తోచలేదు.

గ్రంథాలయంలో వాహనాల మరమ్మతు పుస్తకం తీశాను. అందులో ఒక పరీక్ష ఉంది. ముందు టైర్లు రెండూ కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చాలి. తప్పు టైరుదైతే బండి ఈసారి రెండో పక్కకు లాగుతుంది. అట్లా లాగకపోతే తప్పు టైరుది కాదు. ఫక్రుద్దీన్ చేత మార్పించాను. బండి మళ్లీ ఎడమకే పోయింది.

పుస్తకం సరిగ్గానే చెప్పింది. చదివినవాడే వినలేదు. "అయితే రెండు టైర్లూ పనికిమాలినవే," అని తీర్పు ఇచ్చేశాను. ధర్మవరంలో చీరలు నేసే ఇళ్లలో చెప్పాను, మడకశిర దుకాణాల్లో చెప్పాను: చవక టైర్లు కొనొద్దు, పెనుకొండలో ఆ అంగడికి పోవద్దు. నా మాట వినేవాళ్లు నలుగురున్నారని గర్వం. విన్నారు కూడా.

మూడోసారి వెళ్లి నాలుగూ విప్పించి, ఖరీదైనవి వేయించాను. రెండు రోజులకు నాలుగోసారి వెళ్లాను. బండి ఎడమకే పోతోంది.

"ఇప్పుడేమంటావు?" అన్నాను, దిగుతూనే.

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "తాళం ఇయ్యన్నా. నేను నడుపుతా, నువ్వు పక్కన కూచో."

హైవే పక్క రోడ్డులో నడిపాడు. నిదానంగా, ఖాళీ చోట, స్టీరింగ్ మీద నుంచి రెండు చేతులూ తీశాడు. బండి గీత గీసినట్టు నేరుగా పోయింది. తిరిగి అంగడి దగ్గర ఆపి, "ఇప్పుడు నువ్వు నడుపు," అన్నాడు. నేను దిగి, చుట్టూ తిరిగి వచ్చి కూర్చుని నడిపాను. వంద గజాలు పోకముందే ఎడమ చక్రం మట్టి తొక్కింది. అతను స్టీరింగ్ సరిచేసి ఆపమన్నాడు. రోడ్డు వైపు చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు.

"అన్నా, నీ ఎడం చెయ్యి యాడుండాది?"

"స్టీరింగ్ మీద."

"కిందికి చూడు."

ఎడమ చెయ్యి తొడ మీద ఉంది. అది ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

"ఎడం కాలికి చెప్పు యాడ?"

లేదు. కుడి కాలికే ఉంది. రెండో చెప్పు అంగడి ముందు, నేను దిగిన చోట పడి ఉంది. చెప్పు లేకుండా కంకర మీద నడిచి వచ్చి కూర్చున్నాను, నాకు తెలియలేదు.

ఫక్రుద్దీన్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. నేను అరిచాను. నా బండి నాకివ్వమన్నాను, చవక సరుకు అంటగట్టిన వాడివి నువ్వా చెప్పేదన్నాను. అంగడి ముందు నలుగురూ చూస్తున్నారు.

"తిట్టుకోన్నా. దావలో గూడా తిట్టుకో. పక్క సీట్లో కూచోని తిట్టు," అని అంగడి మూసి, నా బండిలోనే నన్ను హిందూపురం తీసుకొచ్చాడు. దారి పొడుగునా నేను తలుపు పిడి తిప్పుతూనే ఉన్నానట. తాళం వేసి ఉంచాడట.

క్లినిక్‌లో డాక్టరమ్మ రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకోమన్నారు. కళ్లు తెరిచేసరికి ఎడమ చెయ్యి జానెడు కిందికి దిగి, లోపలికి తిరిగి ఉంది. రెండూ సమంగా పట్టుకున్నానని నేను ఒట్టు వేసి ఉండేవాణ్ని.

"రెండు మూడు నెలల్లో తలకు దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా."

"చిన్నది? బాగా గుర్తు తెచ్చుకోండి."

"లేదు."

"సీటీ బ్రెయిన్. ఇప్పుడే," అన్నారు.

స్కాన్ చూసి డాక్టరమ్మ చెప్పిన మాటలు, కబురందుకుని వచ్చిన రత్నమ్మ కాగితం మీద రాయించుకుంది: రైట్ సైడ్ క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా, విత్ మిడ్‌లైన్ షిఫ్ట్. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం మెల్లగా చేరి, మెదడును పక్కకు నెడుతోంది. మెదడు కుడి భాగం మీద ఒత్తిడి పడితే ఎడమ చెయ్యి, ఎడమ కాలు, ఎడమ పక్క చూపు మీద ధ్యాస తగ్గుతుంది. "ఇంకా ఆలస్యమైతే స్పృహ పోయేది. ఈ రోజే బెంగళూరు వెళ్లండి," అన్నారు. గుండె కోసం వేసుకుంటున్న రక్తాన్ని పలచబరిచే మాత్ర ఆపమన్నారు.

అంబులెన్సులో పడుకున్నాక గుర్తొచ్చింది. టైర్లు మార్చడానికి వారం ముందు, ధర్మవరంలో ఒక మగ్గం ఇంట్లో, చీరల మూట చంకన పెట్టుకుని బయటికి వస్తూ ద్వారబంధానికి తల కొట్టుకున్నాను. ఆ ఇంటి అవ్వ కొంగు ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి బొప్పి మీద అదిమింది. "వాకిలి నీకంటే ముందు నుంచి ఈడనే ఉండాది నాయనా," అంది. అందరం నవ్వాం. అంతే, మరిచిపోయాను. మెదడు గురించి కూడా నేను చదివాను, కాని అంత చిన్న దెబ్బకు ఇంత జరుగుతుందని ఎక్కడా ఆగి ఆలోచించలేదు.

బెంగళూరులో బర్ హోల్ సర్జరీ చేశారు. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు, ఒక డ్రెయిన్ గొట్టం. సర్జన్ చేతులు తుడుచుకుంటూ రత్నమ్మతో, "పాత ఇంజన్ ఆయిల్ మాదిరి వచ్చిందమ్మా," అన్నారట. మర్నాటికి ఎడమ చేత్తో పిడికిలి బిగించగలిగాను. నేను ఏడ్చాను.

ఇంటికొచ్చిన మూడో వారంలో తలనొప్పి తిరిగొచ్చింది. ఎడమ చెప్పు మళ్లీ జారింది. ఈసారి నేనే చూసుకున్నాను. "రీకలెక్షన్. రక్తం మళ్లీ చేరింది, కొందరికి అవుతుంది," అన్నారు డాక్టర్లు. మళ్లీ బెంగళూరు, మళ్లీ డ్రెయిన్. మొదటిసారి కంటే ఇప్పుడే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఇప్పుడు నాకు తెలుసు. ఫిట్స్ రాకుండా మాత్రలు ఇచ్చారు. ఆరు నెలలు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు.

ఆ ఆరు నెలలు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. గడప దాకా పోయి వెనక్కి వచ్చేవాణ్ని. చదువుదామంటే వరుస మొదలు దొరకదు, సగం నుంచి చదివి అర్థం కాక పుస్తకం విసిరేసేవాణ్ని. ఫిజియోథెరపిస్ట్ ఒక ఉపాయం చెప్పింది: పేజీ ఎడమ అంచున ఎర్రటి గుర్తు పెట్టుకుని, అది కనబడ్డాకే చదవడం మొదలుపెట్టాలి. రత్నమ్మ చీరల మూటలోంచి ఎర్ర పట్టుదారం తీసి పుస్తకానికి నిలువుగా కట్టింది. ఒక్కో వరుసకూ ఆ దారం దాకా వెనక్కి రావడం నేర్చుకున్నాను. నాలుగు నెలలకు దారం అవసరం తీరింది. ఇప్పటికీ తీయలేదు.

డాక్టర్లు అనుమతి ఇచ్చాక మొదట పెనుకొండే వెళ్లాను. ఫక్రుద్దీన్ ఒక చక్రం విప్పుతున్నాడు. ఏం చెప్పాలో దారంతా అనుకున్నాను. చివరికి, "నేను విప్పించిన ఆ చవక టైర్లు ఏమైనాయప్పా?" అన్నాను.

"నా బండికే వేసుకున్న్యా. నువ్వు ఊర్లన్నీ చాటినాక ఇంకెవురు కొంటారన్నా?" చక్రం మీద నుంచి తల ఎత్తలేదు. "నేరుగానే పోతాండాయి."

మరుసటి వారం ధర్మవరంలో, మడకశిరలో, నా నోటితో చెప్పిన ప్రతిచోటా మళ్లీ నా నోటితోనే సరిదిద్దాను. కొందరు నవ్వారు. కొందరికి నేను మొదట చెప్పిందే గుర్తుండిపోయింది, దానికి నేను చేయగలిగింది లేదు.

చవక టైర్లు కొనవచ్చా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. ఊళ్లో, తక్కువ వేగంతో తిరిగే బండికి, తేదీ, సైజు, బరువు అంకె సరిగా ఉంటే కొనవచ్చని నా అభిప్రాయం. రోజూ హైవే మీద బరువుతో పోయేవాళ్లు, వానలో బ్రేకు వేస్తే బండి ఎంత దూరంలో ఆగుతుందో తెలిసిన రకం కొనుక్కోవడం మేలు. ఆ నాలుగు టైర్ల గురించి మాత్రం నా సాక్ష్యం చెల్లదు. వాటి మీద నడిచిన రెండు నెలలూ నేనే సరిగా లేను.

తోటి పాఠకులకు ఒక్క మాట. బండి ఒక పక్కకు లాగుతోందని మీకు అనిపిస్తే, టైర్లు మార్చే ముందు ఇంకొకరి చేత నడిపించండి. తరువాత మీరు నడుపుతూ, వాళ్లను రోడ్డు కాకుండా మిమ్మల్ని చూడమనండి.

మా ఇంట్లో కారు తాళం ఇప్పుడు రత్నమ్మ దగ్గర ఉంటుంది. బయలుదేరే రోజు పొద్దున ఆమె ముందు నిలబడి, రెండు చేతులూ చాపి, అరచేతులు పైకి పెట్టి కళ్లు మూసుకుంటాను. ఆమె తొందరపడదు. వంటింట్లో పాలు పొంగుతున్నా కదలదు. నాకు కాళ్లు నిలవవు, అయినా నిలబడతాను. చివరికి కుడి అరచేతిలో తాళం చల్లగా తగులుతుంది.

"ఎడం చేతిలో పెట్టు," అంటాను.

పెడుతుంది. గట్టిగా పట్టుకుంటాను.