మొక్కు పుంజు కాలు

పుంజుపిల్ల కాలు గేటు సందులో ఇరుక్కుని విరిగినప్పుడు నాకు జాలి రాలేదు, కోపం వచ్చింది. పోచమ్మ మొక్కు కోసం దాన్ని మౌలాలిలో ఏరి ఏరి తెచ్చాను. కిందటేడు మనుమరాలు జ్వరంతో నల్లకుంట ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటూ పడి ఉంటే, పిల్ల లేచి తిరిగితే పుంజును ఇస్తానని మొక్కాను. పిల్ల లేచింది. ఇప్పుడు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. నా కొడుకు అక్కడే అటెండరు. మేముండేది క్యాంపస్ క్వార్టర్లలోనే.

కుంటి కోడిని అమ్మవారికి ఇవ్వకూడదు. ఆ సంగతి పిల్లకూ తెలుసు. విరిగిన కాలు వేలాడుతున్న పుంజును ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"నానమ్మా, కుంటిదైతే పోచమ్మకు పనికిరాదు గదా?"

"పనికిరాదు."

"అయితే ఇగ ఇది నాదే. నువ్వు ఇంకోటి కొనుక్కో."

"ముందు నడవనీ," అన్నాను.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ మాటనే పిల్ల వరమనుకుంది.

తార్నాకలో మందుల షాపుకు పోయి టేపు తెస్తానంటే దండగన్నాను. నా పాత చీర అంచు చింపి ఇచ్చాను. ఐస్‌క్రీం పుల్లలు అటూ ఇటూ పెట్టి, పాదానికి పైన విరిగిన చోట కట్టింది. మొదటి కట్టు బిగుసుకుపోయి వేళ్ళు చల్లబడితే విప్పించి మళ్ళీ కట్టించాను. కోడిగుడ్డు పెంకులు నూరి రాగిపిండిలో కలిపి పెట్టమన్నాను. కట్టు విప్పాక రోజూ ఆ కాలికి నూనె రాసేది. పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకుని, క్వార్టర్ల ముందు గడ్డిలో నడిపించేది.

"గంత సేవ మా అమ్మ మోకాళ్లకు చేస్తె పుణ్యమన్న వస్తుండె," అన్నాడు నా కొడుకు.

"నానమ్మ కాళ్లు నూనెతోటి నడ్వయి డాడీ, తిట్లతోటి నడుస్తయి."

నవ్వుకోనిచ్చాను.

ఒక పొద్దున పుంజు బట్టలుతికే బండ మీదికి ఎగిరి, గొంతు చీల్చుకుని కూసింది. పిల్ల సంబరంగా క్వార్టర్ల వాళ్ళందరినీ పిలిచింది. నేను కాలు పట్టి ఒత్తి చూశాను.

"మంచిగైంది. బోనాల ఆదివారానికి అక్కరకొస్తది."

పిల్ల మొహం తెల్లబోయింది.

"నాదన్నవ్ గదా!"

"నేనెప్పుడన్న? నడవనీ అన్న. నడిచింది."

"ఇంకోటి తెచ్చుకో నానమ్మా, నీ కాల్మొక్త."

"అమ్మ పేరు మీద తెచ్చినదాన్ని మారుస్తరా? నీ పాణం కోసం మొక్కిన మొక్కే గిది."

"నా పాణం కోసమైతే నేనే వద్దంటున్న."

"పాణం నీది. మొక్కు నాది."

ఏడ్చింది. తాను కట్టు కట్టకపోయి ఉంటే పుంజు బతికేదని తల కొట్టుకుంది. ఆ పుంజును తీసి పిల్ల ఒళ్ళో పడేశాను.

"గంత ప్రేముంటే మళ్ల ఇరగ్గొట్టు. కుంటిదాన్ని అమ్మ అడగదు. నేను సుత అడగ."

పిల్ల పిడికిట్లో కాలు పట్టుకుంది. రోజూ నూనె రాసే చెయ్యి కదా, పుంజు కాలు చాచి ఇచ్చింది. చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చుంది. తరవాత పిడికిలి వదిలేసి, పుంజును కింద దింపి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆదివారం లాలాపేట్‌లో మొక్కు తీరింది. ఇంటికి తెచ్చి కూర వండాను. పిల్ల గదిలోంచి బయటికి రాలేదు, ముక్క ముట్టలేదు. నేను కోడి కాళ్ళు పారేసే రకం కాదు. మిరియాలు వేసి చారు కాచుకున్నాను, మోకాళ్ళకు మంచిది. చప్పరిస్తుంటే ఎముక మీద అతుకు దగ్గర చిన్న బుడిపె నాలుకకు తగిలింది. తీసి వెలుతురులో పట్టి చూశాను. ఎక్కడా వంకర లేదు.

"కట్టు మంచిగ కట్టినవే బిడ్డా," అని కేకేశాను.